చింతగింజల సినిమా: ప్రాథమిక బడిలో ఫోన్ మీద ఒక వాదోపవాదం

(నల్లగొండ జిల్లాలో చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ సమావేశపు వేదిక మీద నడపడానికి రాసింది. అంశం: ఫోన్, ట్యాబ్, కంప్యూటర్ ప్రాథమిక బడి పిల్లల సృజనను పెంచుతాయా? పెంచుతాయని మేడం, పెంచవని సార్. ఇద్దరూ టీచర్లే.)

సార్: సుద్దముక్క ఉంది, చెరువుమట్టి ఉంది, గళ్ల కాగితం ఉంది. ఇక ఫోన్ ఎందుకు మేడం? ఇప్పుడు బడుల్ల డిజిటల్ పేరు మీద ఏం నడుస్తుంది? టీవీల పాఠం పెట్టి పిల్లల్ని కూసోబెట్టుడు. లేకుంటే నాలుగు జవాబులిచ్చి ఒకటి నొక్కమనుడు. సరిగ్గ నొక్కితే చప్పట్ల సప్పుడు వస్తది. దాంట్ల పిల్లగాడు సొంతంగ చేసిందేముంది?

మేడం: ఏం లేదు సార్. నేను దాని దిక్కు మాట్లాడుతలేను. 1967ల పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాష తయారుచేసినోళ్లల్ల సీమోర్ పాపర్ట్ ఒకరు. ఆయన పట్టుబట్టింది ఒక్కటే, కంప్యూటర్ పిల్లల్ని నడిపించుడు కాదు, పిల్లలే కంప్యూటర్‌ను నడిపించాలె అని. నేను వీడియో చూపించమంటలేను, తీయించమంటున్న.

సార్: ఒక్క ఫోన్‌తోని ముప్పై మంది పిల్లలు వీడియో తీస్తరా?

మేడం: తీస్తరు. ఐదుగురొక గుంపు, ఆరు గుంపులు. ముందు ఫోన్ ముట్టనియ్యద్దు. కాగితం మీద ఆరు గళ్లు కొట్టి కథను బొమ్మల్ల గీయమనాలె. గీసుకున్న గుంపుకే ఫోన్. తెల్ల చార్టు నేల మీద పరిచి నాలుగు మూలలకు టేపు వేయాలె, లేకుంటే మోకాలు తగిలి జరుగుతది. బొమ్మలకు చింతగింజలు మంచిగ పనికొస్తయ్. నల్లగ ఉంటయ్, తెల్ల చార్టు మీద కొట్టొచ్చినట్టు కనపడ్తయ్, సపాటుగ ఉంటయ్ గనుక దొర్లవు. కాగితం ముక్కలైతే ఫ్యాన్ గాలికి లేస్తయ్. చార్టుకు అటొక బెంచి ఇటొక బెంచి, వాటి మీద అడ్డంగ రెండు మీటరు స్కేళ్లు, స్కేళ్ల సందుల నుంచి కెమెరా కిందికి చూసేటట్టు ఫోన్ పెట్టి రబ్బరు బ్యాండు వేస్తే అయిపాయె. వస్తువును కొంచెం కొంచెం జరుపుకుంట తీసిన ఫొటోలను కలిపి సినిమా చేసే స్టాప్ మోషన్ స్టూడియో యాప్ ఉచితంగనే దొరుకుతది. సెకనుకు 12 ఫొటోలు పెద్దోళ్ల లెక్క. పిల్లలకు 5 చాలు. పది సెకన్ల సినిమాకు 50 ఫొటోలు. ఫొటో ఫొటోకు గింజను పావు అంగుళం జరిపితే మొత్తం మీద అడుగు దూరం నడుస్తది.

సార్: వినడానికి బాగుంది. చేస్తే ఏమైతదో నేను చెప్త. సినిమా అంతా మిణుకు మిణుకుమంటది. ఒక ఫొటో తెల్లగ, ఒకటి నల్లగ.

మేడం: అవును, మొదటిసారి అందరికీ అట్లనే వస్తది. మబ్బు అడ్డమొచ్చినా, పిల్లల తలకాయ నీడ పడ్డా ఫోన్ తనంతట తనే వెలుతురు సవరిస్తది. అందుకే ముందుగాల వెలుతురును, ఫోకస్‌ను కట్టేయాలె. చాలా ఫోన్లల్ల తెర మీద వేలు ఒత్తిపట్టుకుంటే తాళం గుర్తు పడ్తది. ఎండ సీదా పడని మూల చూసుకోవాలె. పిల్లల్ని కిటికీకి ఎదురుంగ కూసోబెట్టాలె, అప్పుడు వాళ్ల నీడ వెనకకు పడ్తది. ఇంకో తంటా ఏందంటే, తెర మీద నొక్కినప్పుడల్ల ఫోన్ అదురుతది. వైరు ఇయర్‌ఫోన్ పెట్టి దాని వాల్యూమ్ బటన్ నొక్కితే చాలా ఫోన్లల్ల ఫొటో పడ్తది, ఫోన్‌ను ముట్టే పనే లేదు. ఫ్లైట్ మోడ్ మర్వద్దు. ముప్పయ్యో ఫొటో కాడ ఎవరో ఫోన్ చేస్తే అంతా మల్ల మొదటికొస్తది.

సార్: ఇదంతా కెమెరా పని. సృజన ఏడుంది?

మేడం: గింజల్ల ఉంది. పది గింజలతోని పిట్టను చేయాలె, ఆ పిట్ట రెక్క లేపాలె. ఎన్ని గింజలు, ఎటు, ఎంత జరపాలె? ఒకరు ఒకటంటరు, ఇంకొకరు ఇంకోటంటరు. రెక్కకు నాలుగు ఫొటోలు పెడితే పిట్ట బద్ధకంగ ఎగురుతది, రెండే పెడితే బెదిరినట్టు ఎగురుతది. వాళ్లే తీసి, వాళ్లే చూసి, వాళ్లే మార్చుకుంటరు. సుద్దముక్కతోని గీసిన పిట్ట ఎగిరి చూపియ్యదు గదా.

సార్: మార్చుకునుడు గురించే నా రెండో మాట. ఫోన్ల తప్పు పోతే తుడిచేసి మల్ల నొక్కొచ్చు. పుట్టపాకల తేలియా రుమాలు నేసేవాళ్లను చూడండి. నూలుకు చిటికి, అంటే రంగు అంటకుండ ముడి, కట్టంగనే, రంగుల ముంచకముందే, పువ్వు యాడ పడ్తదో మనసుల లెక్క ఉంటది. రంగు పట్టినంక వెనకకు తీసుడు లేదు. ముందాలోచన ఆ ఒత్తిడిలనే పుడ్తది. ఎన్నిసార్లన్నా తుడవొచ్చంటే పిల్లగాడు ఆలోచించుడు మానేసి నొక్కుడు మొదలుపెడ్తడు.

మేడం: ఇది గట్టి మాటనే, తీసిపారేయను. కాని ఆ లెక్క కూడ గళ్ల కాగితం మీదనే మొదలైతది సార్. కాగితం మీద తుడవొచ్చు, నూలు మీద తుడవరాదు. నేను ఫోన్‌ను కాగితం కాడ పెడ్తున్న, నూలు కాడ కాదు. అయినా మీ మాటకు ఒక కట్టుబాటు పెట్టుకుందాం. గుంపుకు 60 ఫొటోలే, అంతకు మించి ఒక్కటి తీయనియ్యద్దు. పది ఫొటోలు పాడైతే మిగిలిన 50తోనే కథ ముగించాలె.

సార్: 60 అంటే ఒప్పుకుంట. మరి పిల్లలు బొమ్మలను కదిలించి కథ చేసే స్క్రాచ్ జూనియర్ యాప్ సంగతేంది? అది తెరిస్తే ఒక పిల్లి వస్తది. క్లాసుల ఏ కథ చూసినా అదే పిల్లి నడుస్తది, అదే పిల్లి ఎగురుతది. తయారు బొమ్మలు, తయారు సీనరీలు. ముప్పై మందికి ఒకే ఊహను పంచుడు గాదా అది?

మేడం: పిల్లిని తీసేసుడే మొదటి మెట్టు. బొమ్మ మీద వేలు ఒత్తిపెడితే తీసే గుర్తు వస్తది. తర్వాత కుంచె గుర్తు నొక్కి సొంత బొమ్మ గీయాలె. గీసిన ఆకారం లోపల కెమెరాతోని ఫొటో నింపొచ్చు. ఇంటి కోడి ఈక కావచ్చు, పత్తికాయ కావచ్చు. అది 5 నుంచి 7 ఏండ్ల పిల్లల కోసం 2014ల వచ్చింది, చదువురానోళ్లు కూడ బొమ్మల గుర్తులతోనే నడుపుతరు, ఇంటర్నెట్ అక్కర్లేదు. ఒక ప్రాజెక్టుకు నాలుగు పేజీలే ఇస్తది. ఆ నాలుగు పేజీల హద్దు నాకు బాగ నచ్చుతది.

సార్: మీకు హద్దులు నచ్చుతయ్, యాప్ చేసేవాళ్లకు నచ్చవు. ఇప్పుడు ఏఐ వచ్చింది. "నెమలి మీద రాజు" అంటే బొమ్మ పడ్తది. పిల్లగాని చెయ్యి కదలదు.

మేడం: అది ప్రాథమిక బడిల వద్దు, దీంట్ల మనకు వాదమే లేదు. చాట్‌జీపీటీ నిబంధనల్లనే 13 ఏండ్లు నిండాలె అని ఉంది. మన ఐదో తరగతి పిల్లలకు పదేండ్లు.

సార్: సరే, లెక్కలకు రండి. 30 మంది లోపు పిల్లలున్న బడికి ఖర్చుల కోసం సర్కారు ఇచ్చే కాంపోజిట్ గ్రాంట్ ఏడాదికి 10,000 రూపాయలు. అందుల పదో వంతు పారిశుద్ధ్యానికే పోవాలె. మిగిలిందాంట్ల సుద్దముక్కలు, రిజిస్టర్లు, రిపేర్లు. ట్యాబ్‌లు యాడికెల్లి తెస్తరు? కొనిస్తే మాత్రం ఏమొరుగుతది? పెరూల పల్లె బడులకు లాప్‌టాప్‌లు పంచిన్రు. 319 బడుల మీద చేసిన పరిశీలన 2012ల వచ్చింది. ఏడాది దాటినా లెక్కల్ల గాని భాషల గాని తేడా కనపడలేదు.

మేడం: అదే పరిశీలనల ఆలోచనా శక్తిని కొలిచే పరీక్షల్ల కొంత మెరుగు కూడ కనపడ్డది, అది కూడ చెప్పాలె మీరు. అయినా పెట్టెలు పంచితే చదువు రాదన్నది నిజమే. అందుకే నేను ట్యాబ్‌లు అడుగుతలేను. టీచర్ పాత ఫోన్ ఒకటి చాలు, సిమ్ తీసేసి, ఒక రెండు జీబీ ఖాళీ చేసి. ముఖాలు తీయద్దు, గింజలు, చేతులే తీయాలె. వాట్సాప్ గ్రూపులకు పంపుడు కూడ వద్దు.

సార్: టైమో? ఇద్దరు టీచర్లం, ఐదు తరగతులు. చదువుడు, లెక్కల పునాది కోసం పెట్టిన తొలిమెట్టు కార్యక్రమం రాతలే తెగుతలేవు. ఒక్కో గుంపుకు 50 ఫొటోలంటే ఒక పీరియడ్ పాయె.

మేడం: శనివారం బాలసభ టైముల రెండు గుంపులు. మూడు శనివారాల్ల ఆరు గుంపులు అయిపోతయ్. ఒక గుంపు తీస్తుంటే మిగిలినోళ్లు ఆరు గళ్ల కాగితం కాడ ఉంటరు. టీచర్ నిలబడాల్సింది ఆ కాగితం కాడ, ఫోన్ కాడ కాదు. ఇంకా తక్కువ టైము పట్టే పని కూడ ఉంది. జెండా కర్ర నీడను పది గంటల నుంచి నాలుగు దాక పది నిమిషాలకొక ఫొటో తీస్తే 37 ఫొటోలు, ఏడు సెకన్ల సినిమా. నీడ మీటరు ముల్లు లెక్క తిరుగుతది. ఆ తర్వాత పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంల గర్భగుడిల పడే నీడ కదలదని చెప్పి ఊకోండి. ఎందుకని పిల్లలే అడుగుతరు.

సార్: అడుగుతరు. కాని జవాబు దొరికేది అట్టపెట్టె గుడి కట్టి, స్తంభాలకు చాక్‌పీసులు నిలబెట్టి, ఎండల అటు ఇటు తిప్పినప్పుడే. ఫోన్‌ల కాదు.

మేడం: కట్టియ్యండి, ఎవరొద్దన్నరు?

సార్: అయితే ఒక షరతు. ఆరు సినిమాలు పక్కపక్కన పెట్టి చూద్దాం. నాలుగు గుంపులు ఒకే కథ తెస్తే, సృజన పెరగలేదు, ఫోన్ నొక్కుడు వచ్చిందంతే అని మీరు రాసియ్యాలె.

మేడం: రాసిస్త. అదే షరతు కాగితం బొమ్మలకు కూడ పెట్టాలె మరి. బడి గోడకు అంటించిన బొమ్మలు లెక్కపెట్టి రండి. రెండు కొండలు, నడుమ సూర్యుడు, ముంగట గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు. మన నల్లగొండ పల్లెల ఆ పిల్లలు కొబ్బరిచెట్టును యాడ చూసిన్రు సార్?