అన్నిటికీ ‘యెస్’ అన్న అతిథి

పాత ప్యానెల్ షోలు, అదే నలుగురు కూర్చుని ప్రశ్నలడుగుతూ ఆడే టీవీ ఆటలు, ఇప్పుడు చూస్తే బోర్ అని ఎవరో రాసేశారు గానీ, యూట్యూబ్‌లో ‘వాట్స్ మై లైన్’ ఒక్క ఎపిసోడ్ చూసి చెప్పండి. 1950 నుంచి 1967 దాకా అమెరికాలో సీబీఎస్ టీవీ ఛానెల్‌లో ఆదివారం రాత్రిళ్లు వచ్చేది. సెలబ్రిటీ వస్తే ప్యానెల్ వాళ్లందరూ కళ్లకు గంతలు కట్టుకుని, ‘అవును’, ‘కాదు’ అని జవాబొచ్చే ప్రశ్నలతోనే ఆ వచ్చిందెవరో కనిపెట్టాలి. ‘కాదు’ వచ్చిన ప్రతిసారీ అతిథికి 5 డాలర్లు, పది కాదులైతే మొత్తం 50, అంతే ప్రైజు!

1957లో చిత్రకారుడు సాల్వడార్ డాలీ వచ్చిన ఎపిసోడ్ అయితే నేను ఎన్నిసార్లు చూశానో. ఆటగాడివా అంటే యెస్, రచయితవా అంటే యెస్, ఏది అడిగినా యెస్సే, పక్కన హోస్ట్ జాన్ డేలీ తల పట్టుకుని ‘అది పూర్తిగా కరెక్ట్ కాదు’ అని సర్దిచెప్పలేక అవస్థ పడుతుంటాడు, జనం పగలబడి నవ్వుతుంటారు, గంతల వెనకున్న వాళ్లకేమో ఏం జరుగుతోందో అర్థం కాదు. చివరికి మీసం సంగతి అడిగాకే దొరికాడు.

ఇప్పటి షోల్లో ప్రతి జోకుకీ డప్పు మోత వేస్తారు చూడండి, అదండీ నాకు బోర్.