‘శారీరక దృఢత్వం తప్పనిసరి’ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘శారీరక దృఢత్వం తప్పనిసరి’ గారి సముఖమునకు,

నమస్కరించి రాయునది ఏమనగా, ఉద్యోగ ప్రకటనల్లో అర్హతలకు కింద, జీతానికి పైన తమరు ఏళ్ల తరబడి కొలువుదీరి ఉన్నారు. చదువుకు సర్టిఫికెట్ అడుగుతారు, అనుభవానికి లెటర్ అడుగుతారు. తమరెందుకు అక్కడున్నారని మాత్రం ఎవరూ అడగరు. పాత ప్రకటన నుంచి తమరిని కాపీ కొట్టిన హెచ్‌ఆర్ గారికీ తెలియదు.

ఇంతకీ దృఢత్వమంటే ఎంతండీ? కిలోల్లో కొలవాలా, మెట్లలోనా? స్టోర్‌రూమ్ పనే తీసుకుందాం. ‘20 కిలోల అట్టపెట్టెను నేల మీంచి నడుమెత్తు బల్ల మీదికి, షిఫ్టుకు పదిసార్లు’ అని రాస్తే అది పని. దానికి దారి వెతకొచ్చు. జరపడానికి ట్రాలీ ఉంది, లేపడానికి లిఫ్ట్ టేబుల్ ఉంది, సప్లయర్‌తో మాట్లాడితే సరుకు 10 కిలోల పెట్టెల్లోనే దిగుతుంది. ఇక మిగిలేది స్టాకు లెక్క. అసలు జీతమిచ్చేదే దానికి! తమరు అడ్డం కూర్చుంటే వీల్‌చైర్‌లో ఉన్న మనిషి దరఖాస్తే పెట్టడు. కాదన్నట్టు కాగితమూ ఉండదు, కోర్టుకు చూపించడానికి రుజువూ ఉండదు. తమరి పనితనానికి జోహార్లు.

తమరి తమ్ముడు ‘సొంత బైకు, లైసెన్సు ఉండాలి’ గారూ తక్కువేం కాదు. పనేమో డీలర్లను కలిసి ఆర్డర్లు తేవడం. ఆటో దిగి వెళ్తే డీలరు ఆర్డరివ్వనంటాడా?

సర్కారువారు ఈ విషయంలో మీకంటే నయం. కేంద్రం 2021 జనవరి 4న 3566 పోస్టుల జాబితా ఇచ్చింది. ఒక్కో పోస్టుకు ఏ కదలిక కావాలో అక్షరాల్లో రాసింది: కూర్చోవడం ఎస్, నిలబడటం ఎస్‌టీ (కంగారు పడకండి, రిజర్వేషన్ కాలమ్‌తో సంబంధం లేదు), వంగడం బీఎన్, ఎత్తడం ఎల్, వేళ్లతో పనిచేయడం ఎంఎఫ్. అభ్యర్థికి తన సంగతి తేల్చుకోవడానికి ఆధారమైనా దొరుకుతుంది. అయితే తమరి సహవాసదోషం అక్కడా తగులుతుంది. ఫైళ్లు చూసే పోస్టుకు ‘చూడటం’ అని కోడ్ వేసేముందు, ఆ ఫైలును స్క్రీన్ రీడర్‌తో (తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో) వింటే సరిపోతుందా అని చూసుకోవాలి కదా. కావలసింది ఫైల్లో ఏముందో తెలియడమే.

తమరికి బొత్తిగా పడని పేరొకటి ఉంది: దివ్యాంగుల హక్కుల చట్టం, 2016. మరుసటి ఏడాది ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. వైకల్యం కారణంగా వివక్ష కూడదంటుంది సెక్షన్ 3. న్యాయమైన లక్ష్యం కోసం, దానికి తగ్గ పాళ్లలో తీసుకున్న చర్య అయితేనే మినహాయింపు. ‘మా దగ్గర ఎప్పట్నుంచో ఇంతే’ అన్నది లక్ష్యం కాదు. సెక్షన్ 20 ప్రభుత్వ సంస్థలకు. సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే ఉద్యోగం తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చేయలేకపోతే అదే స్కేలులో వేరే పోస్టు, అదీ లేకపోతే సూపర్‌న్యూమరరీ పోస్టు, అంటే మంజూరైన లెక్కకు మించి అదనంగా ఇచ్చే పోస్టు. ప్రైవేటువారు ఊపిరి పీల్చుకోనక్కర్లేదు. సమాన అవకాశాల విధానం వాళ్లూ ప్రకటించాలి. ఉద్యోగులు 20 మందో, అంతకు మించో ఉంటే, ఏయే పోస్టులు దివ్యాంగులకు సరిపోతాయో అందులో చూపాలి. చట్టం మీరితే మొదటిసారి 10,000 రూపాయల దాకా జరిమానా. మళ్లీ మీరితే 50,000 నుంచి 5 లక్షలు. మొదటి తప్పు మరీ చవక, ఒప్పుకుంటాం.

అన్నట్టు, తమరి పెద్దన్నగారి సంగతి విన్నారా? ఎంబీబీఎస్ సీటుకు ‘రెండు చేతులూ సక్రమంగా ఉండాలి’ అంటూ కూర్చున్నాయన. ఆ షరతు ఈ చట్టం ఉద్దేశానికే విరుద్ధమని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. డాక్టరుగా ఏం చేయగలడో చూడాలి గానీ చేతులు లెక్కపెట్టడమేమిటి?

తమరు నిజంగా అవసరమైన చోట్లు లేవని కాదు. మంటల్లోంచి మనిషిని మోసుకొచ్చే పనికి బలం కావాల్సిందే. అక్కడ కూడా ఎంత బరువు, ఎంత దూరం, ఎన్ని నిమిషాల్లో అని రాసి, అభ్యర్థులందరికీ అదే పరీక్ష పెట్టండి. కర్ర పట్టుకొచ్చినవాళ్లకు మాత్రమే పెట్టకండి.

కాబట్టి వచ్చే ప్రకటనలో తమరి స్థానంలో నాలుగు గళ్లు ఉంచవలసిందిగా మనవి: ఏం ఎత్తాలి, ఎంత బరువు, ఎంత ఎత్తుకి, రోజుకెన్నిసార్లు. గళ్లు నింపడానికి ఎవరికీ ఏమీ తోచకపోతే తమరు రాజీనామా సమర్పించవచ్చు. మెడికల్ సర్టిఫికెట్ అక్కర్లేదు.

ఇట్లు,
ఆ లైను చదివి దరఖాస్తు మడిచి పెట్టేసినవారి తరఫున