పనిముట్లా? పొయ్యా?

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో, ప్రాణహిత నది ఒడ్డున ఒక బడి. చలికాలం దాటగానే ఇక్కడి కూలీ కుటుంబాలు మిర్చి ఏరడానికి నది దాటి తెలంగాణకు పోతాయి. వెంట పిల్లలూ పోతారు. బడి కమిటీ దగ్గరున్న కొద్దిపాటి డబ్బుతో పనిముట్లు కొని, చేతిపనితో సైన్స్ నేర్పుదామని పంతులమ్మ అంటుంది. కమిటీలో ఉన్న ఆమె చిన్నాయన ఒప్పుకోడు. నేను పంతులమ్మ వైపే, కానీ ఆయన మాటలేవీ దాచలేదు.

చిన్నాయన: పిల్లగాడు బడి మానేది సైన్స్ రాక కాదు బిడ్డా, ఇంట్లో వండిపెట్టే మనిషి లేక. ఆ డబ్బుతో మూడు నెలలు వంటమనిషిని పెట్టు. బడిలోనే చాపలు వెయ్యి. పదిమంది ఆగుతారు.

పంతులమ్మ: ఆగుతారు, కాదనను. మరి పోయినవాళ్లు వానాకాలం బడి తెరిచాక ఎందుకు రావడం లేదు? అప్పటికి అమ్మానాన్న ఇంట్లోనే ఉంటారు, పొయ్యి వెలుగుతూనే ఉంటుంది. మూడు నెలల పాఠం పోయింది. పుస్తకం మరాఠీ, ఇంట్లో మాట తెలుగు. వెనక కూర్చుని అర్థంకానిది వినడం వాడికి అవమానం. తోటలో అయితే వాడు పనిమంతుడు.

పోయినేడు ఒకడిని చూశాను. మందు కొట్టే బ్యాటరీ పంపు ఆగిపోతే మోటారు పోయిందన్నారు అందరూ. స్విచ్ దగ్గర వైరు ఊడిందని వాడు కనిపెట్టాడు. ఆ పంపునే క్లాసుకు తెమ్మన్నాను. మీటరు పెట్టాడు. స్విచ్‌కు ఇవతల 12 వోల్టులు, అవతల సున్నా. సర్క్యూట్ పాఠం అంతకంటే ఏముంది? ఆ రోజు వాడు మరాఠీ మాట కోసం తడుముకోలేదు, వస్తువు చేతిలోనే ఉంది కదా.

చిన్నాయన: వాడిప్పుడు ఏడీ?

పంతులమ్మ: ఈ మాఘంలో మళ్లీ తోటకు పోయాడు.

చిన్నాయన: చూశావా మరి.

పంతులమ్మ: అందులో నా తప్పూ ఉంది. ఒక్కరోజు చేయించి మళ్లీ పుస్తకం పట్టించాను. వారం వారం జరగాలి. మన రాష్ట్రంలోనే, పుణె జిల్లా పాబళ్‌లో డాక్టర్ కల్‌బాగ్ 1983లో విజ్ఞాన్ ఆశ్రమ్ పెట్టారు. పెద్ద కంపెనీలో శాస్త్రవేత్తగా ఉన్న మనిషి పల్లెకొచ్చి, బడి మానేసిన పిల్లలకు వెల్డింగ్, కరెంటు పని, సాగు చేయిస్తూ చదువు చెప్పారు. తర్వాత హైస్కూళ్లలోనూ వారానికొక రోజు ఆ పాఠం పెట్టారు.

చిన్నాయన: పిల్లలు చేతులతో చేసి నేర్చుకోవాలని, అటల్ ల్యాబ్ పేరుతో కేంద్రం ఒక్కో బడికి 20 లక్షల దాకా ఇచ్చింది. నేను చూసినచోట ఆ సామాను పెట్టెలు బీరువాలోనే ఉన్నాయి, అధికారులొస్తే బయటికి తీస్తారు. అయినా కలెక్టర్ కొడుక్కు పుస్తకం, కూలీ కొడుక్కు వెల్డింగా?

పంతులమ్మ: నీ కొడుకు మంచిర్యాల హాస్టల్లో ఉన్నాడు కదా! కమిటీ మనిషి కొడుకే ఈ బడిలో లేడు.

చిన్నాయన: నదికి ఇటు పుట్టినందుకు వాడు తెలుగు చదవొద్దా?

పంతులమ్మ: మరాఠీ రాక చిన్నమ్మ తహసీల్ ఆఫీసు నుంచి ఎన్నిసార్లు వెనక్కి వచ్చింది?

చిన్నాయన: ఆమెను మధ్యలోకి తేకు. నేనడిగింది వెల్డింగ్ గురించి.

పంతులమ్మ: సరే, విను. వెల్డింగ్ నేర్పి కూలీకి పంపమనడం లేదు. పంపు విప్పినవాడికి పుస్తకంలోని బొమ్మ అర్థమవుతుంది, ఆ బొమ్మతోనే పదో తరగతి దాటుతాడు. పిల్లవాడు బడిలో ఉండాలని చట్టం చెప్పేది 14 ఏళ్ల దాకానే. ఆ పైన వాడంతట వాడే రావాలి. రావాలనిపించేది ఏదో ఒకటి బడిలో ఉండాలి చిన్నాయనా.

చిన్నాయన: రానీ. మాఘంలో తినేదెక్కడ?

పంతులమ్మ: నీ పొయ్యి నాకూ కావాలి. డబ్బు సగం చెయ్యి. రెండు మీటర్లు, స్క్రూడ్రైవర్లు, ఒక సోల్డరింగ్ మిషన్ చాలు. పాడైన పంపులు ఊరంతా ఉన్నాయి.

చిన్నాయన: సగం డబ్బుకు వంటమనిషి నెలన్నరే ఉంటుంది. మిగతా నెలన్నర ఎవరిని తోటకు పంపమంటావు?

పంతులమ్మ: ఎవరినీ వద్దు. ఆ నెలన్నర నేను వండుతా. పనిముట్ల తాళంచెవి మాత్రం బీరువాలో కాదు, నా దగ్గర ఉండాలి.