బొటనవేలి మీద నాలుగున్నర కేజీలు

కుడి బొటనవేలు ఇంకా మొద్దుబారే ఉంది. ఫోనులో ఎడమచేత్తో కొడుతున్నాను, అచ్చుతప్పులు దొర్లితే సర్దుకోండి. రేపటిదాకా ఆగడానికి లేదు. రేపటికల్లా మా అపార్ట్‌మెంటులో ఈ కథ పది రకాలుగా తయారవుతుంది, ఆ పదింటిలోనూ నేను ఇప్పటికంటే అధ్వాన్నంగా కనిపిస్తాను.

ముందు సంగతులు గబగబా చెప్పేస్తాను. మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. కింద పార్కింగు, పైన ఐదంతస్తులు, అంతస్తుకి రెండు ఫ్లాట్లు. నాది మొదటి అంతస్తు. బ్యాంకులో 34 ఏళ్ళు చేసి నిరుడు రిటైరయ్యాను. మా ఆవిడ అమ్మాయి పురిటికని హైదరాబాదు వెళ్ళింది. వెళ్ళిన మర్నాటి నుంచీ వంటింటి కుళాయి కారడం మొదలెట్టింది. ప్లంబరుకి ఫోను చేస్తే మధురవాడలో పనిలో ఉన్నానండి, గంటలో వచ్చేస్తానన్నాడు. ఆ గంటకి ఇవాళ ఐదో రోజు.

ఇక ఆదివారం క్లాసు. దీని మూలం హుద్‌హుద్‌లో ఉంది. 2014 అక్టోబరు 12న ఆ తుపాను ఊరిని పిండి ఆరేసి పోయాక రోజుల తరబడి కరెంటు లేదు, మోటారు తిరగలేదు, ట్యాంకులో నీళ్ళు లేవు. మా పది ఫ్లాట్లలో ఇంజినీర్లున్నారు, లెక్చరర్లున్నారు, నాలాంటి ఆఫీసర్లున్నారు. ఊడిపోయిన తలుపుకి మేకు కొట్టగలిగిన మనిషి మాత్రం ఒక్కరే, నేవల్ డాక్‌యార్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన ఐదో అంతస్తు బాబాయిగారు. ఆయన పది ఇళ్ళూ తిరిగి పది తలుపులూ బిగించారు. మేమంతా టార్చిలైట్లు పట్టుకున్నాం. ఆ సిగ్గు ఇన్నేళ్ళూ లోపల నానుతూ ఉండి, ఈ మధ్య క్లాసుగా మొలకెత్తింది. ఎవరికి వచ్చిన పని వాళ్ళు రానివాళ్ళకి నేర్పాలి. పార్కింగులో, రెండు కార్ల మధ్య, బోర్డు పెట్టి.

క్లాసు మంచిదే, కాదనను. మూడో అంతస్తు అమ్మమ్మగారు, తాతగారు పోయేదాకా ఏటీఎం ముఖం చూసి ఎరుగరు. ఇప్పుడు కరెంటు బిల్లు ఫోనులో కట్టి, రసీదు గ్రూపులో పెట్టి, మిగతావాళ్ళు కట్టారా లేదా అని అడుగుతున్నారు. ఇంట్లోంచే ఉద్యోగం చేసుకునే సాఫ్ట్‌వేర్ కుర్రాడు అన్నం వార్చడం నేర్చుకున్నాడు. నేనూ తక్కువ తినలేదు. గుండీ కుట్టాను. కుక్కరు గాస్కెట్ మార్చాను. 14.2 కేజీల సిలిండరుకి రెగ్యులేటరు తగిలించి, సబ్బునీళ్ళు రాసి, బుడగలొస్తున్నాయేమోనని అరగంట కూర్చుని చూశాను. ఒక్క నిమిషం చాలని తర్వాత చెప్పారు.

గొడవంతా మా సెక్రటరీగారితోనే. క్లాసు బాబాయిగారిదీ నాలుగో అంతస్తు పిన్నిగారిదీ అయినా, రూళ్ళు మాత్రం ఈయనవి. ఎక్కడ చదివారో గానీ ఒక సూత్రం పట్టుకున్నారు. నేర్చుకునేవాడి చేతిలోంచి పని లాక్కోకూడదు, నోటితో దారి చూపించాలి, చేయి పెట్టకూడదు. దీన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి లిఫ్టు పక్కన అంటించారు. మనిషికో ప్రగతి పత్రం. అందులో నాలుగు గడులు: చూశారు, చేయి పట్టి చేయించాం, ఒకరి సాయంతో చేయగలరు, సొంతంగా చేయగలరు. ప్రతి గడికీ టిక్కు, టిక్కు పక్కన అభ్యర్థి సంతకం. బ్యాంకులో కోటి రూపాయల అప్పు ఇచ్చినప్పుడు కూడా నేను అన్ని సంతకాలు తీసుకోలేదు.

పోయిన ఆదివారం కుళాయి పాఠం. స్టీల్‌ప్లాంటులో ఇంజినీరుగా చేసిన రెండో అంతస్తు సారు చెప్పారు. సెకనుకో చుక్క కారినా రోజుకి సుమారు 20 లీటర్లు పోతాయన్నారు. ట్యాంకు ఎంత పైనుంటే కింద అంత ఒత్తిడి, పది మీటర్ల ఎత్తుకి చదరపు సెంటీమీటరు మీద ఒక కేజీ అన్నారు. ఒక చెక్కకి బిగించిన కుళాయిని అందరిచేతా విప్పించి, మరలోంచి నీళ్ళు కారకుండా టెఫ్లాన్ టేపు చుట్టించి, మళ్ళీ బిగింపించారు. నాకు బ్రహ్మాండంగా వచ్చేసింది. ఎందుకు రాదు? చెక్కలో నీళ్ళుండవు కదా.

ఈ ఆదివారం పొద్దున్న మా వంటిల్లే ప్రాక్టికల్ హాలు. శానిటరీ షాపు నుంచి కొత్త కుళాయి తెచ్చి ఉంచాను. బాబాయిగారు, సారు, పిన్నిగారు, సాఫ్ట్‌వేర్ కుర్రాడు, అట్టపట్టుకుని సెక్రటరీగారు, మంచి కుర్చీలో అమ్మమ్మగారు. ఆరుగురూ వచ్చాక మా వంటింట్లో ఏడోవాడికి, అంటే నాకు, చోటు లేకపోయింది. సారు చెప్పినట్టే ముందు వాల్వు కట్టాను. నీళ్ళు ఆగాయా లేదా చూసుకోవాలన్నారు, కుళాయి తిప్పి చూశాను. చుక్క రాలేదు. "శభాష్" అన్నారు. పానా పెట్టి పాత కుళాయి విప్పేశాను.

ఇక్కడ ఒక్క నిమిషం కథ ఆపాలి, ఎందుకంటే తప్పు నాది కాదు. అంటే కొంత నాదే. నేను కట్టింది వంటింటి వాల్వు కాదు, గీజరుది. వంటింటిది మేడ మీద ఉంటుంది. మరి చుక్క ఎందుకు రాలేదంటారా? పైన ట్యాంకు ఖాళీ. మా వాచ్‌మన్ ఆదివారం పొద్దున్నే ఫిషింగ్ హార్బరుకి వెళ్ళి నాలుగు ఫ్లాట్లకి చేపలు తెస్తాడు. ఆ చేపల హడావుడిలో మోటారు వేయడం మర్చిపోయాడు. నేను ఇక్కడ కుళాయి విప్పి, పాతదాన్ని అమ్మమ్మగారికి చూపిస్తూ, తుప్పు గురించి రెండు ముక్కలు మాట్లాడుతున్న సమయానికి అతను వచ్చి, సంచీ కింద పెట్టి, స్విచ్చి వేశాడు.

మొదట గోడలోంచి గుర్రుగుర్రుమని చప్పుడొచ్చింది. తర్వాత గాలి. తర్వాత గోధుమరంగు నీళ్ళు నా బనీను మీద. తర్వాత గంగావతరణం. శివుడికైనా పట్టి ఆపడానికి జటాజూటం ఉంది, నా తల మీద అదీ లేదు. చేతికి ఏమీ అందక బొటనవేలు తీసుకెళ్ళి గోడలో ఉన్న ఎల్బోకి, అంటే కుళాయి బిగించే పైపు వంపుకి, అడ్డం పెట్టాను. ఆగింది. ఆగడమంటే, వేలి పక్కనుంచి సన్నటి ధార ఒకటి సరిగ్గా నా చెవిలోకి వస్తోంది, మిగతాది ఆగింది.

ఇప్పుడు ఎవరో ఒకరు ముందుకొచ్చి ఏదో ఒకటి చేస్తారని చూశాను. ఆరుగురూ రెండడుగులు వెనక్కి వేశారు. బాబాయిగారు పాపం చేయి చాపారు. సెక్రటరీగారు ఆ చేతిని మధ్యలోనే పట్టుకున్నారు. "వద్దండీ, ఆయన్నే చేయనివ్వండి. ఇదే అసలైన లెర్నింగ్."

"ఏం చేయమంటారు?" అన్నాను చెవి దులుపుకుంటూ.

"కంగారు పడకండి. ముందు ఆలోచించండి. ఇప్పుడు మీ ముందున్న మార్గాలేమిటి?"

నా ముందున్నది గోడ. ఆ మాటే చెప్పాను.

ఈలోగా సారు గోడవైపు చూస్తూ లెక్కలోకి వెళ్ళిపోయారు. "ట్యాంకు నుంచి మీ కుళాయికి పదహారు మీటర్లు వేసుకుందాం. అంటే చదరపు సెంటీమీటరుకి 1.6 కేజీ. అర అంగుళం పైపు. వైశాల్యం ఒకటింబావు. అంతా కలిపితే మీ వేలి మీద 2 కేజీలు. ఏం ఫర్లేదు, పట్టుకోవచ్చు."

రెండు కేజీలే కదా అని నాకూ కాస్త ధైర్యం వచ్చింది. ఇంతలో బాబాయిగారికి కోపం వచ్చింది. "పైపు అర అంగుళం సార్. ఆయన వేలు పెట్టింది ఎల్బో మరల దగ్గర. అక్కడ నోరు ముప్పావు అంగుళం ఉంటుంది." సారు కళ్ళు మూసుకుని మళ్ళీ లెక్కేశారు. "అవును సుమా. అయితే నాలుగున్నర కేజీలు." ఆ మాట అనగానే నా వేలు వణకడం మొదలెట్టింది. అంతదాకా బాగానే ఉంది. కృష్ణుడు ఏడు రోజులు చిటికెన వేలి మీద కొండని నిలబెట్టాడంటే, కింద నిలబడ్డ గోపాలురెవరూ ఆ కొండ బరువు లెక్కగట్టి చెప్పలేదు కాబట్టే.

మోటారు ఆపమని కుర్రాడు కిందికి అరిచాడు. ఆపారు. ట్యాంకు అప్పటికే కావలసినంత నిండింది. ఇక మిగిలింది మేడ మీద వాల్వు. వాచ్‌మన్ పైకి పరిగెత్తి అక్కణ్ణుంచి ఫోను చేశాడు. స్పీకరులో పెట్టారు.

"ఏ వాలువు కట్టీమంటారు బాబూ? ఇక్కడ ఇరవై ఉన్నాయి."

ఫ్లాటుకి వంటింటిదొకటి, బాత్రూములదొకటి. హుద్‌హుద్ తర్వాత రంగులేయించినప్పుడు ప్రతి వాల్వు దగ్గరా ఫ్లాటు నంబరు రాయించారట. మా సముద్రపు గాలికి ఇనుప తలుపులే పొరలు పొరలుగా రాలిపోతాయి, నంబర్లు నిలుస్తాయా? "ఏటీ కనబడ్డం లేదు బాబూ, ఒక దగ్గర మాత్రం మూడో ఎనిమిదో ఉంది" అన్నాడు. వాల్వులకి కొత్త నంబర్లు వేయించాలని మొన్న మార్చి మీటింగులో నేనే అడిగాను. దాని బదులు లిఫ్టు పక్కన సూత్రం అంటించారు. ఇప్పుడది సెక్రటరీగారికి గుర్తుచేద్దామనుకున్నాను, కానీ నోరు తెరిస్తే నీళ్ళు పోతున్నాయి.

సరే, ఒక్కొక్కటీ కట్టి చూడమన్నారు. కట్టినప్పుడల్లా "ఆగిందా?" అని అతను అడగడం, నేను వేలు కొంచెం ఎత్తడం, పిచికారీ వెళ్ళి ఎవరో ఒకరి మీద పడటం, "లేదు" అనడం. ఇలా తొమ్మిది సార్లు. నాలుగోసారి మూడో అంతస్తు నుంచి ఒక కేక వినబడింది. ఎవరిదో స్నానం మధ్యలో ఆగిపోయింది. ఆరోసారికి పిన్నిగారి పప్పు మీదికి నీళ్ళు కరువయ్యాయి, ఆవిడ వెళ్ళిపోయారు. ఎనిమిదోసారి వాల్వు బిగుసుకుపోయి తిరగడం లేదన్నాడు. అదే నాదై ఉంటుందని నాకు అప్పుడే తెలిసిపోయింది. నా జాతకం నాకు తెలీదా?

ఈ మధ్యలో బాబాయిగారికీ సారుకీ ఇంకో తగువు. కొత్త కుళాయికి టెఫ్లాన్ టేపు చుట్టాలా, పాతకాలంలాగా నూలుదారం చుట్టి వైట్‌లెడ్ పూయాలా అని. "ఓడలకి మేం దారమే చుట్టాం" అని బాబాయిగారు, "ఇది ఓడ కాదు, వంటిల్లు" అని సారు. కింద మడమ లోతు నీళ్ళలో నిలబడి ఆ మాట ఎలా అనగలిగారో! అమ్మమ్మగారు కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని, ఇదంతా ఫోనులో వీడియో తీస్తున్నారు. వీడియో తీయడం ఆవిడకి ఈ క్లాసులోనే నేర్పారు. నేర్పింది నేనే.

"మెట్ల మీదకి నీల్లొచ్చేత్తన్నాయేటండీ" అంటూ అప్పుడు వచ్చింది మా పనమ్మాయి. గుమ్మంలో నిలబడి ఒకసారి నన్ను చూసింది, ఒకసారి మిగతా ఐదుగుర్నీ చూసింది. ఏమీ అడగలేదు. పొద్దున్న రైతుబజారు నుంచి తెచ్చిన కూరల సంచీలో చేయి పెట్టి, లావుపాటి క్యారెట్ ఒకటి తీసి, దానికి మసిగుడ్డ చుట్టి, "తీయండి బాబూ వేలు" అని, నేను తీసిన మరుక్షణం ఎల్బోలో దూర్చి, అప్పడాల కర్రతో రెండు దెబ్బలు వేసింది. ఆగిపోయింది. తర్వాత చీపురు పట్టుకుంది.

ఆ పిల్ల క్లాసుకి రాదు. చేయి పెట్టకూడదన్న రూలు ఆ పిల్లకి తెలీదు.

మిగతాదంతా మామూలే. ఎనిమిదో వాల్వుకి నూనె పోసి తిప్పారు, క్యారెట్ పీకారు, కొత్త కుళాయి బిగించారు. అన్నీ ఎవరు చేశారో నాకు సరిగ్గా గుర్తులేదు, నేను మాత్రం చేయలేదు. టేపూ చుట్టారు, దాని మీద దారమూ చుట్టారు. క్యారెట్ ఇప్పుడు కూడా గట్టు మీదే ఉంది, ఒక చివర మరల గుర్తులతో. మా ఆవిడ సాయంత్రం ఫోను చేసి "కుళాయి సంగతి ఏం చేశారు?" అంది. కొత్తది వేశామన్నాను. "మీరా?" అంది. సిగ్నల్ సరిగ్గా లేదని పెట్టేశాను. వీడియో తనకి అరగంట ముందే చేరిందని తర్వాత తెలిసింది.

అందరూ వెళ్ళాక కూడా సెక్రటరీగారు మాత్రం వెళ్ళలేదు. తడిసిన పత్రాన్ని ఫ్యాను కింద ఆరబెట్టి, బాగా ఆలోచించి, "ఒకరి సాయంతో చేయగలరు" గడిలో టిక్కు పెట్టారు. ఒకరు కాదండీ, ఏడుగురు, పైన వాచ్‌మన్‌తో కలిపి ఎనిమిది అన్నాను. ఫారంలో ఆ గడి లేదన్నారు. సంతకం పెట్టమని పెన్ను ఇచ్చారు.

పెన్ను పట్టుకోబోతే జారిపోయింది. కుడి బొటనవేలు నానిపోయి, ముడతలు పడి, ఎండు ఖర్జూరంలా ఉంది, వంగదు. రెండుసార్లు ప్రయత్నించాను. రేపు పెడతానన్నాను. "ఇవాళ్టి తేదీ వేసేశానండీ, సంతకం లేకపోతే రికార్డు అవదు" అన్నారాయన. అని, కిందికెళ్ళి అసోసియేషన్ స్టాంపు ప్యాడు తీసుకొచ్చారు. నిజంగానే తీసుకొచ్చారు. మూత తీసి, నా కుడిచేయి పట్టుకుని వేలుని సిరాలో ఒత్తబోయారు.

"ఆగండి" అన్నాను. "మగవాళ్ళది ఎడమచేతి వేలిముద్ర తీసుకోవాలి."

"అవునా? నాకు తెలీదండీ. ఎలా వేయించాలో కాస్త చూపిస్తారా?" అన్నారు.

నోటితో మాత్రమే చెప్పాను.