పెట్టె మోయాలా, కీబోర్డు చాలా?

శివరాత్రి తిరునాళ్లు మొదలైతే సీమలో పౌరాణిక నాటకాలకు గిరాకీ. ఇవాళ పత్తికొండ పక్కన పల్లె, రేపు తాడిపత్రి, ఎల్లుండి జమ్మలమడుగు. ఇలా తిరిగే వాద్యకారుల మధ్య ఎప్పుడూ నలిగే వాదం ఒకటుంది: హార్మోనియం ఇంట్లో పెట్టేసి కీబోర్డు ఒక్కటే తీసుకెళ్తే సరిపోదా? గుత్తి బస్టాండులో బస్సు కోసం కూర్చున్న ఇద్దరి మాటల్లో దాన్ని రాస్తున్నాను. మామ హార్మోనిస్టు. అల్లుడు కీబోర్డు వాయిస్తాడు. ఇద్దరిదీ ఒకే నాటక సమాజం.

అల్లుడు: నీ నడుము చూసి చెప్తున్నా మామా. ఆ పెట్టె పది కిలోలు తూగుతుంది. బస్సు దిగినాక ఆటో దొరక్కపోతే ఊర్లోకి ఎవరు మోస్తారు? నాదైతే బ్యాగులో పెట్టి భుజానికి తగిలించుకుంటా. పైగా నీ పెట్టెకు ఒకటే గొంతు. నా దాంట్లో కృష్ణుడొస్తే ఫ్లూటు, నారదుడొస్తే వీణ, యుద్ధమైతే నగారా. కాంట్రాక్టరు కూడా ఒక్కరికి డబ్బులిచ్చి నలుగురి పని చేయించుకుంటాడు.

మామ: నా కడుపుమంట అదే. ఆ మిగతా ముగ్గురూ ఏం తినాలబ్బీ? సరే, అది పక్కన పెట్టు. కరెంటు సంగతి చెప్పు. సీరియల్ సెట్లు, ఫోకస్ లైట్లు, సౌండ్ సెట్టు అన్నీ ఒకే జనరేటరు మీద. అందరూ ఒక్కసారి స్విచ్చులేస్తే వోల్టేజీ పడిపోతుంది, నీ కీబోర్డు ఆరిపోయి మళ్లీ వెలుగుతుంది. ఎర్తింగ్ ఉండదు. పద్యం మంచి ఊపు మీదున్నప్పుడు బాక్సుల్లోంచి గుయ్యిమని మోత. నటుడు ఆ మోతలో శ్రుతి ఎక్కడ వెతుక్కోవాల?

అల్లుడు: ఆ మోతకు మందుంది. కీబోర్డుకూ సౌండ్ సెట్టుకూ మధ్య డీఐ బాక్సనే చిన్న డబ్బా పెట్టి, ఎర్తు కలయికను తెంపే దాని గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్చు నొక్కితే చాలాసార్లు మోత పోతుంది. నేను వేరే ఊరి వైర్లను నమ్మను. నా కేబుళ్లు, ఇంకో అడాప్టరు నా బ్యాగులోనే ఉంటాయి. అంతగా టెన్షన్ అయితే సెల్స్ మీద నడిచే చిన్న కీబోర్డులున్నాయి. మరి నీ పెట్టె ముందు కూడా మైకు పెడతారు కదా? ఆ మైకు ఈల వేస్తే నువ్వేం చేస్తావు?

మామ: పక్కకు జరుపుతా. లేదా తీసేయమంటా. మైకు లేకున్నా పక్కన నిలబడి పాడేవాడికి నా శ్రుతి వినపడుతుంది. అసలు సంగతి విను. మన సీమలో ధూళి నీకు తెలియంది కాదు. లోపల గాలికి అదిరి పలికే రేకు ఉంటుందే, రీడు, దాని సందులో ఒక్క రజను ఇరుక్కుంటే ఆ మెట్టు పలకదు. మూత తీసి, పలచటి కాగితం దూర్చి లాగితే మళ్లీ పలుకుతుంది. స్వరం దిగిపోతే రీడు కొస దగ్గర పిసరంత గీకితే పెరుగుతుంది, మొదలు దగ్గర గీకితే తగ్గుతుంది. మడతల్లోంచి గాలి పోతుంటే మెత్తటి తోలు ముక్క అంటిస్తా. నటుడు రంగు వేసుకునే లోపల, సెల్‌ఫోన్ వెలుతుర్లో నా చేతులతో బాగు చేసుకుంటా. నీ మెట్ల కింద రబ్బరు కాంటాక్టుల్లోకి ధూళి పోతే? ఒకసారి పలకదు, ఇంకోసారి ఉన్నట్టుండి గట్టిగా అరుస్తుంది. ఆ రాత్రి ఏం చేస్తావు?

అల్లుడు: ఆ మెట్టు తప్పించి వాయిస్తా. విప్పి తుడవాలంటే ఇంటికి చేరాల్సిందే. ఇక బోర్డే పోతే బెంగళూరుకు పంపాలి, ఆ నెల ఆట పోయినట్టే. కాదనను. కానీ నీ తర్వాత రీడు గీకేవాడెవడో చెప్పు. నేర్చుకుంటామని ఎవరొచ్చారు నీ దగ్గరికి? ఇంకో మాట. ఈ పెట్టె మాత్రం మన తాతలు మట్టిలోంచి తీసిందా? యూరప్ వాద్యం. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875లో చేత్తో ఊదే రకం తయారుచేశాకే మన వేదికల మీదికి వచ్చింది. గమకం, అదే స్వరాన్ని ఊపి జారించడం, పలకదని 1940లో ఆలిండియా రేడియో దాన్ని గెంటేసింది, 1971 దాకా రానివ్వలేదు. గమకం కావాలంటే నా దాంట్లో పిచ్ బెండ్ చక్రం ఉంది. ఆనాడు నీ పెట్టెను అన్న మాటలే ఇప్పుడు నువ్వు నన్ను అంటున్నావు.

(ఈ దెబ్బ గట్టిదే. రేడియోవాళ్లు వద్దన్న ఆ ముప్పై ఏళ్లూ నాటకం హార్మోనియాన్ని వదల్లేదని నేనిక్కడ గుర్తుచేయాలి. నాకు మొగ్గు మామ వైపే.)

మామ: పరాయిదే, ఒప్పుకుంటా. 1885లో మన కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన నాటకం ఇంటిల్లిపాదితో, పెట్టెలూ తెరలతో ఊరూరా తిరిగింది. అట్లా తిరిగేవాళ్లకు పనికొచ్చింది గనకే హార్మోనియం మనదైంది. పద్యం చివర నటుడు రాగం తీస్తాడే, అప్పుడు నా ఎడమ చెయ్యి అతని ఊపిరిని చూస్తుంటుంది. అతను పెంచితే గాలి పెంచుతా, అతను తగ్గితే తగ్గిస్తా. ఒకే స్వరం మీద నిలబడి కూడా పెద్దది చేయొచ్చు, చిన్నది చేయొచ్చు. నీ చక్రం స్వరాన్ని వంచుతుంది. ఊపిరి పోయగలదా?

అల్లుడు: వాల్యూం పెడలుతో కొంత చేస్తా. నీ అంత రాదు. కానీ వరుసగా మూడో రాత్రి నటుడి గొంతు బొంగురుపోయి, 'అర శ్రుతి తగ్గించు' అని సైగ చేస్తే నేను ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కుతా, అయిపాయె.

మామ: నేను వేళ్లు పక్క మెట్టుకు జరుపుతా. ఏ శ్రుతిలో అయినా వాయించడం రాకపోతే హార్మోనిస్టు అనిపించుకోడు. బటన్ ఉందని నువ్వు ఒకే శ్రుతిలో సాధన చేస్తున్నావు, అది నాకు భయం.

అల్లుడు: అది చేయాల్సిందే, సరే. అయితే దేని పని దానిదే, పెట్టే కీబోర్డూ రెండూ తీసుకెళ్దామంటావు. మరి బరువెవరు మోస్తారు? కాంట్రాక్టరు ఇచ్చే దాంట్లో బస్సు లగేజీ, ఆటో బాడుగ పోతే మనకేం మిగులుతుంది?

మామ: అది మన జేబులోంచి ఎందుకు పోవాల? రంగస్థలానికి డబ్బులుంటాయి, సీరియల్ సెట్లకుంటాయి, వాద్యం మోసే బాడుగకు లేవంటారు. బయానా తీసుకునేటప్పుడే అడుగుదాం: సామాను బాడుగ వేరే ఇవ్వాల, స్టేజీ మీద వాద్యాలకు లైట్లతో కలవని వేరే వైరు లాగాల.

అల్లుడు: అడుగుదాం మామా, నేను నీ పక్కనే ఉంటా. కానీ ఒక్కరికే ఇస్తానని వాడు మొండికేస్తే మాత్రం, నేను కీబోర్డు దింపను.