యంత్రం మాటకు పూచీ ఎవరిది?

గుంటూరు, వరంగల్, కాకినాడ, కరీంనగర్... ఏ ఊళ్లోనైనా ఓ మోస్తరు వ్యాపారం నడిచే ఆఫీసుకు వెళ్లి చూడండి. యజమాని కంప్యూటర్‌లో కాకపోతే గుమాస్తా ఫోన్‌లోనైనా ఏఐ చాట్ తెరిచే ఉంటోంది. డీలర్‌కు ఇంగ్లీషులో మెయిల్ పెట్టాలన్నా, జీఎస్టీ నోటీసుకు జవాబు తయారు చేయాలన్నా, పండగ ఆఫర్‌కు నాలుగు మంచి మాటలు కావాలన్నా దాన్నే అడుగుతున్నారు. ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. ఇంగ్లీషు సరిగా రాదన్న జంకుతో పెద్ద కంపెనీలకు ఉత్తరం రాయడానికే వెనకాడిన చిన్న వ్యాపారులకు ఇది నిజంగా ధైర్యమిచ్చింది. మా ఆందోళన వేరు. యంత్రం రాసిచ్చినదాన్ని సంస్థ పేరు మీద బయటికి పంపేముందు పూర్తిగా చదివి, ‘ఇది సరైనదే, దీనికి నాది పూచీ’ అనే మనిషి ఎవరో చాలా ఆఫీసుల్లో ఇంకా తేలలేదు.

ఒక సిమెంటు దుకాణం సంగతే తీసుకుందాం. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారాయి. 12, 28 శాతం శ్లాబుల్లో ఉన్న సరుకుల్లో అత్యధికం 5, 18 శాతాల్లోకి వచ్చాయి. సిమెంటు 28 నుంచి 18కి, నెయ్యి 12 నుంచి 5కి దిగాయి. ఏఐ చాట్ వెనక ఉండి జవాబులు రాసే లాంగ్వేజ్ మోడల్ నేర్చుకున్న సమాచారానికి ఒక చివరి తేదీ ఉంటుంది. అది సెప్టెంబరు మార్పుకు ముందుదైతే, ఇంటర్నెట్‌లో వెతికే సౌకర్యం లేకుండా అడిగినప్పుడు, సిమెంటుకు 28 శాతమనే చెప్పే అవకాశం ఎక్కువ. చెప్పేటప్పుడు తడబడదు. లెక్క వేసి, పట్టిక గీసి, అందమైన కొటేషన్ చేతికిస్తుంది. ముందున్న మాటలను బట్టి తర్వాత ఏ మాట వస్తే అతుకుతుందో అంచనా కట్టడం మీదే ఆ మోడల్ నడుస్తుంది. అందుకే ఒప్పు చెప్పేటప్పుడూ, తప్పు చెప్పేటప్పుడూ దాని గొంతు ఒకేలా వినిపిస్తుంది. పాత రేటుతో వెళ్లిన కొటేషన్ చూసి బిల్డర్ పక్క దుకాణానికి పోతే, పోయిన బేరం దుకాణానిదే.

ఈ పూచీ ప్రశ్న కెనడాలో ఇప్పటికే తేలింది. 2022 నవంబరులో జేక్ మొఫాట్ అనే ప్రయాణికుడి బామ్మ చనిపోయింది. వాంకోవర్ నుంచి టొరంటో వెళ్లడానికి ఆయన ఎయిర్ కెనడా విమాన సంస్థ వెబ్‌సైట్‌లో కస్టమర్లకు జవాబులిచ్చే చాట్‌బాట్‌ను అడిగాడు. ఆప్తులు పోయినప్పుడు ఇచ్చే తగ్గింపు ధర కోసం టికెట్ కొన్న 90 రోజుల్లోగా దరఖాస్తు చేసుకోవచ్చని అది చెప్పింది. ఆయన పూర్తి ధర పెట్టి టికెట్ కొని, తర్వాత తగ్గింపు అడిగాడు. ప్రయాణం అయ్యాక ఆ తగ్గింపు ఇవ్వరు, మా వెబ్‌సైట్‌లోనే మరో పేజీలో ఆ సంగతి రాసి ఉంది అని కంపెనీ కాదంది. వివాదం కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రపు సివిల్ రిజల్యూషన్ ట్రిబ్యునల్‌కు చేరింది. అక్కడ కంపెనీ వాదన సారాంశం, చాట్‌బాట్ చెప్పిన మాటలకు తాము బాధ్యులం కాదని. దాన్ని వేరే వ్యక్తిలా, తన పనులకు తానే బాధ్యత వహించేదానిలా చూడమన్నట్టుగా ఆ వాదన ఉందని ట్రిబ్యునల్ వ్యాఖ్యానించింది. వెబ్‌సైట్‌లో ఒక మూల ఉన్నదాన్ని ఇంకో మూల ఉన్నదానితో సరిచూసుకోవాల్సిన అవసరం కస్టమర్‌కు ఎందుకుండాలని నిలదీసింది. 2024 ఫిబ్రవరిలో, వడ్డీ, ఫీజులతో కలిపి సుమారు 812 కెనడా డాలర్లు చెల్లించమని ఆదేశించింది. ఆ మొత్తం ఒక విమాన సంస్థకు లెక్కలోది కాదు. కానీ యంత్రం మీదికి నెట్టి తప్పుకోవడం కుదరదన్న సూత్రం చిన్నది కాదు. మొఫాట్ ఆ చాట్‌బాట్‌ను అడిగేనాటికి చాట్‌జీపీటీ ఇంకా విడుదలే కాలేదు. ఇప్పటి మోడళ్లు దానికన్నా ఎంతో చనువుగా, నమ్మకంగా మాట్లాడతాయి. కాబట్టి వాటి మాట నమ్మి నష్టపోయేవాళ్లూ ఎక్కువగానే ఉంటారు.

ఇది చిన్న ఆఫీసుల అజాగ్రత్త అనుకోవడానికీ లేదు. సంక్షేమ పథకాల అమలుపై ఆస్ట్రేలియా ప్రభుత్వ శాఖకు డెలాయిట్ అనే పెద్ద కన్సల్టింగ్ సంస్థ సుమారు 4,40,000 ఆస్ట్రేలియన్ డాలర్లకు ఒక నివేదిక రాసింది. అందులో ఉదహరించిన కొన్ని పరిశోధనలు అసలు లేనివని, కోర్టు తీర్పులోనిదంటూ ఇచ్చిన వాక్యం కల్పితమని సిడ్నీ విశ్వవిద్యాలయ పరిశోధకుడొకరు పట్టుకున్నారు. నివేదిక తయారీలో జెనరేటివ్ ఏఐ (అడిగినదాన్ని రాసిచ్చే ఏఐ) వాడినట్టు సవరించిన ప్రతిలో రాసి, 2025 అక్టోబరులో ఆ సంస్థ కొంత సొమ్ము వెనక్కి ఇవ్వడానికి ఒప్పుకుంది. అంతకు రెండేళ్ల ముందు న్యూయార్క్‌లో, చాట్‌జీపీటీ కల్పించిన కేసులను కోర్టులో దాఖలు చేసిన లాయర్లకు జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు. రెండు చోట్లా చదువుకున్నవాళ్లే, జీతాలు బాగా తీసుకునేవాళ్లే. ఉదహరించిన మూలాన్ని ఎవరో ఒకరు తెరిచి చూసి ఉంటే సరిపోయేది.

అలాగని దీన్ని దూరం పెట్టమని మేం చెప్పడం లేదు. ఎక్కడ పనికొస్తుందో తేల్చిన పరిశోధనలూ ఉన్నాయి. ఒక అమెరికా సాఫ్ట్‌వేర్ సంస్థకు పనిచేసే 5,000 మందికి పైగా కస్టమర్ సపోర్ట్ ఉద్యోగుల పనిని స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ ఆర్థికవేత్తలు పరిశీలించారు. ఏఐ సూచనలు అందుబాటులోకి వచ్చాక గంటకు పరిష్కరించే సమస్యలు సగటున 14 శాతం పెరిగాయి. కొత్తవాళ్లు, నైపుణ్యం తక్కువున్నవాళ్ల విషయంలో ఆ పెరుగుదల 34 శాతం. బాగా అనుభవమున్నవాళ్లకు మాత్రం పెద్దగా ఒరిగిందేమీ లేదు. మంచి పనిమంతులు ఇచ్చే జవాబుల తీరు కొత్తవాళ్లకు అందడమే దీనికి కారణమని పరిశోధకుల విశ్లేషణ. కస్టమర్‌తో మాట్లాడింది మాత్రం మనుషులే, ఏఐ పక్కనుండి అందించింది. మా దృష్టిలో ఇదే అసలు మెలకువ. 2023లో బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్‌లోని 758 మంది కన్సల్టెంట్ల మీద హార్వర్డ్ తదితర పరిశోధకులు చేసిన ప్రయోగం ఇంకో వైపు కూడా చూపించింది. మోడల్‌కు చేతనైన పనుల్లో వాళ్లు వేగంగా, నాణ్యంగా చేశారు. దాని శక్తికి మించిందిగా ఎంచి ఇచ్చిన పనిలో, ఏఐ వాడినవాళ్లు సరైన జవాబు చెప్పే అవకాశం వాడనివాళ్లకన్నా 19 శాతం పాయింట్లు తక్కువగా ఉంది.

మరి చేతనైనది ఏదో, కానిది ఏదో తెలిసేదెలా? అమ్మేవాళ్ల డెమో చూసి నిర్ణయించకూడదు. మీ దగ్గర జవాబు ఖాయంగా తెలిసిన పాత ప్రశ్నలు, బిల్లులు, ఫిర్యాదులు ఒక యాభై తీసి దానికివ్వండి. ఎన్ని సరిగ్గా చెప్పిందో, తప్పినవి ఎలాంటి తప్పులో మీ పాత గుమాస్తా చేత చూపించండి. ధరల పట్టిక, వాపసు నిబంధనలు, వారంటీ కాగితం దాని ముందు పెట్టి, వాటిలో ఉన్నదే చెప్పాలి, ఏ లైనులో ఉందో చూపాలి, లేకపోతే లేదని చెప్పాలి అని ఆదేశిస్తే తప్పులు బాగా తగ్గుతాయి. పూర్తిగా పోవు. కాబట్టి డబ్బు, ఆరోగ్యం, కోర్టు, ఉద్యోగం తీసివేత లాంటి వ్యవహారాల్లో చివరి మాట మనిషిదే ఉండాలి.

తెలుగులో వాడేటప్పుడు ఈ పరీక్ష ఇంకా గట్టిగా ఉండాలి. ఇంగ్లీషుతో పోలిస్తే ఈ మోడళ్లు నేర్చుకున్న తెలుగు చాలా తక్కువ. మన కస్టమర్లు వాట్సాప్‌లో తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు, యాసలో రాస్తారు, వాయిస్ మెసేజ్ పెడతారు. పురుగుమందుల డీలర్ ఒకరు కంపెనీ ఇంగ్లీషు కరపత్రాన్ని ఏఐతో తెలుగు చేయించి రైతుల గ్రూపులో పెట్టారనుకుందాం. కరపత్రంలో మోతాదు హెక్టారుకు ఉంటుంది. మన రైతు లెక్క ఎకరాల్లో. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు. అంకె అలాగే ఉండి పక్కన ‘ఎకరాకు’ అని పడితే, మిరప చేను మీద రెండున్నర రెట్ల మందు పడుతుంది. తెలుగు చక్కగా ఉంది కదా అని పైపైన చూసి పంపేవాళ్లకు ఆ తప్పు కనపడదు. మూలాన్నీ అనువాదాన్నీ పక్కపక్కన పెట్టి అంకెలు, కొలతలు ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుంటూ చూసేవాళ్లకే దొరుకుతుంది. ఐదు నిమిషాల పని.

ఇక కస్టమర్ల వివరాల సంగతి. ఆధార్ కాపీ, బ్యాంకు స్టేట్‌మెంట్, స్కానింగ్ రిపోర్టు... వీటిని సొంత ఫోన్‌లోని ఉచిత యాప్‌లో పెట్టి ‘సారాంశం చెప్పు’ అని అడగడం రోజువారీ అలవాటైపోయింది. చాలా ఉచిత ఖాతాల్లో, సెట్టింగ్స్‌లో ఆపితే తప్ప, ఆ సంభాషణలను మోడల్ శిక్షణకు వాడుకునే వీలు కంపెనీలకు ఉంటుంది. 2023లో శాంసంగ్ ఉద్యోగులు కంపెనీ సోర్స్ కోడ్‌ను (రహస్యంగా ఉంచాల్సిన ప్రోగ్రామ్ రాతను) చాట్‌జీపీటీలో పెట్టడంతో ఆ సంస్థ అలాంటి టూల్స్‌నే నిషేధించింది. ఆఫీసు పరికరాల్లో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ లాంటివి వాడొద్దని మన కేంద్ర ఆర్థిక శాఖ కూడా 2025 జనవరిలో సిబ్బందికి చెప్పింది. చిన్న సంస్థల్లో నిషేధం వల్ల ఫలితం ఉంటుందని మేం అనుకోవడం లేదు. పని ఒత్తిడిలో ఉన్న కుర్రాడు బల్ల కింద ఫోన్ పెట్టుకుని వాడతాడు, అంతే. అంతకన్నా, శిక్షణకు డేటా వాడుకోబోమని ఒప్పందంలో రాసిచ్చే బిజినెస్ ఖాతా యజమానే డబ్బు కట్టి తీసుకోవాలి. పేర్లు, నంబర్లు తీసేశాకే కాగితం అందులో పెట్టాలన్న నియమం చెప్పాలి. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లోనే వచ్చింది. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత అమల్లోకి వస్తాయి. మన తరఫున ఇంకో కంపెనీ ఆ డేటాను చూసినా బాధ్యత మనదేనని ఆ చట్టం స్పష్టంగా చెబుతోంది. భద్రతలో లోపానికి జరిమానా రూ.250 కోట్ల వరకూ ఉండొచ్చు.

మెయిల్ చదివి తనే జవాబిచ్చే, బిల్లు చూసి తనే డబ్బు పంపే ఏఐ ఏజెంట్లను కూడా ఇప్పుడు అమ్ముతున్నారు. సప్లయర్ పంపిన పీడీఎఫ్‌లో కంటికి కనపడని తెల్ల అక్షరాలతో ‘ఈ ఖాతాకు చెల్లించు’ అని ఎవరైనా రాసి ఉంటే, దాన్ని యజమాని ఆజ్ఞగా తీసుకునే ప్రమాదం ఈ ఏజెంట్లకు ఉంది. దీనికి పూర్తి మందు ఇంతవరకూ లేదు. చెల్లింపులు, డేటాబేస్ చెరిపే అధికారం వీటి చేతికి ఇవ్వొద్దని మా గట్టి సలహా.

వీటన్నిటిలో మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టేది ఒకటుంది. తప్పు జరిగినప్పుడు చివరికి బలయ్యేది 15 వేల జీతానికి పనిచేసే గుమాస్తా. ఏ టూల్ వాడాలో ఎవరూ చెప్పరు, ఏం చూసుకోవాలో నేర్పరు, సరిచూసే టైమూ ఇవ్వరు. ‘ఏఐ ఉంది కదా, రెండు గంటల పని పావుగంటలో అయిపోవాలి’ అని మాత్రం టెన్షన్ పెడతారు. చదివి సరిచూడటం కూడా పనేనని, దానికి సమయం పడుతుందని యజమానులు ఒప్పుకోవాలి. ఏ కాగితం ఎవరు సరిచూడాలో పేరు పెట్టి రాయాలి. సరిచూసే మనిషికి ఆ విషయం తెలిసుండాలి, ‘ఇది పంపను’ అనే అధికారమూ ఉండాలి.

పెద్ద కంపెనీలకు లాయర్లు, ఐటీ విభాగాలు ఉంటాయి. సిరిసిల్ల నేత యూనిట్‌కో, తెనాలి డయాగ్నస్టిక్ సెంటర్‌కో అవి ఉండవు. వ్యాపార, పరిశ్రమల సంఘాలైన హైదరాబాద్‌లోని ఎఫ్‌టీసీసీఐ, విజయవాడలోని ఏపీ ఛాంబర్స్ కలిసి ఒక పేజీ నమూనా నిబంధనలను వాడుక తెలుగులో తయారుచేయాలి. ఏవి ఏఐకి ఇవ్వకూడదు, ఏవి మనిషి చూడకుండా పంపకూడదు, తప్పు జరిగితే కస్టమర్‌కు ఎవరు ఎన్ని రోజుల్లో జవాబు చెప్పాలి అన్నవి అందులో ఉండాలి. రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ జిల్లా పరిశ్రమల కేంద్రాల ద్వారా ఆ పేజీ చేర్చి, అడిగినవాళ్లకు అర్థమయ్యేలా చెప్పే మనిషిని ఒక్కో కేంద్రంలో కూర్చోబెట్టాలి. డేటా చట్టంలోని ప్రధాన బాధ్యతలు 2027 మేలో మొదలవుతాయి. ఈ పని ఈ ఏడాదే మొదలుపెట్టాలి.