కంపెనీ మూతపడితే నినాదం మనదైపోదు

మూతపడ్డ కంపెనీల పేర్లని ట్రేడ్‌మార్కుగా రాయించుకోమనే మెసేజ్ ఒకటి తిరుగుతూనే ఉంది. పంపినవాళ్ళే మళ్ళీ పంపుతున్నారు, అందుకే ఒకసారి కూర్చుని రాస్తున్నాను. చూడనివాళ్ళ కోసం దాని సారాంశం ఇది: "మూతపడ్డ కార్ల కంపెనీల పేర్లు, నినాదాలు ఎవరి సొత్తూ కావు. 4,500 రూపాయలు కట్టి మీ పేరు మీద రాయించుకోండి. దరఖాస్తు నంబరు రాగానే గుండ్రంలో 'ఆర్' గుర్తు వేసి టీషర్టులు, స్టిక్కర్లు, కీచెయిన్లు అచ్చేయించి అమ్ముకోండి. ఒక అక్షరం మార్చినా, తెలుగులో రాసినా ఎవరూ అడగరు. ప్రియస్ కేసులో టయోటా అంతటిదే ఓడిపోయింది. జైలు కూడా ఉండదు."

చిన్నవి ముందు తేల్చేద్దాం. అక్షరం మార్చడం, లిపి మార్చడం పనికిరావు. చెవికి ఎలా వినిపిస్తుంది, సగం సగం గుర్తున్న మామూలు కొనుగోలుదారు పొరబడతాడా అన్నదే కోర్టు చూసేది. సుప్రీంకోర్టు 1962లోనే అమృతధార, లక్ష్మణధార అన్న మందుల పేర్ల కేసులో ఈ కొలత పెట్టింది. నినాదానికి కాపీరైటు 60 ఏళ్ళేనని ఇంకొందరు తోక తగిలిస్తున్నారు. ప్రకటన నినాదానికి కాపీరైటు సాధారణంగా వర్తించదని, పాసింగ్ ఆఫ్ (తన సరుకుని ఇంకొకరిదని నమ్మించి అమ్మడం) కింద రక్షణ దొరకవచ్చని ఢిల్లీ హైకోర్టు 2003లో పెప్సీ, కోకాకోలా కేసులో చెప్పింది. లేని కాపీరైటుకి గడువు లెక్కపెట్టి ప్రయోజనం లేదు.

4,500 మాట నిజమే. వ్యక్తులు, స్టార్టప్‌లు, చిన్న పరిశ్రమలు ట్రేడ్‌మార్కు కోసం ఆన్‌లైన్లో ఫారం టీఎం-ఏ వేస్తే ఒక్కో క్లాసుకి, అంటే ఒక్కో రకం సరుకుకి, అంత. అయితే అది దరఖాస్తు రుసుము. తిరస్కరిస్తే తిరిగి రాదు. టీషర్టు 25వ క్లాసు, స్టిక్కరు 16, కీచెయిన్ 14. మెసేజ్ చెప్పిన మూడు వస్తువులకే 13,500 అయింది.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించిన వాక్యం: "నంబరు రాగానే గుండ్రంలో ఆర్ వేయండి." నంబరు దరఖాస్తు వేసిన రోజే వస్తుంది. ఆ తర్వాత పరిశీలన నివేదిక వస్తుంది, దానికి 30 రోజుల్లో జవాబివ్వాలి. జవాబు నచ్చితే ట్రేడ్‌మార్కుల జర్నల్లో ప్రచురిస్తారు. అక్కణ్ణుంచి 4 నెలలు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. ఇదంతా దాటి రిజిస్ట్రేషన్ అయ్యాకే ఆ గుర్తు వేసుకునే హక్కు. నంబరు చూపించి రిజిస్టర్ అయిందనడం, పెళ్ళిచూపులకి వెళ్ళొచ్చి పెళ్ళయిందని చెప్పుకోవడమే. 'టీఎం' అన్న రెండక్షరాలు వేసుకోవడానికి అడ్డు లేదు, కానీ వాటితో కొత్త హక్కేమీ పుట్టదు.

జైలు ఉండదన్న ముక్కలో మెసేజ్ రాసినవాళ్ళు పూర్తిగా పొరబడలేదు, ఒప్పుకుంటాను. ట్రేడ్‌మార్కుల చట్టం 1999లో సెక్షన్ 107 కింద, రిజిస్టర్ కానిదాన్ని రిజిస్టర్ అయిందని చూపితే ఒకప్పుడు 3 ఏళ్ళ దాకా జైలు ఉండేది. జన విశ్వాస్ చట్టం 2023 దాన్ని తీసేసింది, 2024 ఆగస్టు 1 నుంచి ఆ మార్పు అమల్లో ఉంది. ఇప్పుడు జరిమానా: ఏడాది టర్నోవరులో అర శాతం, లేదా 5 కోట్లు, ఏది తక్కువైతే అది. 40 లక్షల వ్యాపారానికి 20,000 రూపాయలు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ జైలు అన్ని సెక్షన్ల నుంచీ పోలేదు. ఇంకొకరి మార్కుని మీ సరుకు మీద వేస్తే సెక్షన్ 103, అలాంటి సరుకు అమ్మితే 104 అలాగే ఉన్నాయి: 6 నెలల నుంచి 3 ఏళ్ళ జైలు, 50,000 నుంచి 2 లక్షల జరిమానా. డీఎస్పీ హోదాకి తగ్గని అధికారి, ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకుని, వారెంటు లేకుండానే సోదా చేసి సరుకు పట్టుకెళ్ళొచ్చు. సివిల్ కేసు పడితే కోర్టు పంపే కమిషనర్ వచ్చి షాపులో పెట్టెలు లెక్కపెట్టి సీలు వేస్తారు. అచ్చు ఖర్చు అక్కడే మట్టిలో కలిసిపోతుంది. పైగా టీషర్టు మెడపట్టీ మీద అబద్ధపు 'ఆర్' కనిపిస్తే, "తెలియక చేశాను" అన్న మాట జడ్జి దగ్గర ఎలా నిలుస్తుంది? ఈ సలహా విని దెబ్బతినేది మెసేజ్ రాసినవాళ్ళు కాదు, చీటీ పాడిన డబ్బుతో టీషర్టులు అచ్చేయించే కుర్రాళ్ళు.

"మూతపడితే ఎవరిదీ కాదు" అన్నదానికి వద్దాం. ఆంబాసిడర్ తయారీ ఉత్తర్‌పారాలో 2014 మేలో ఆగింది. 2017 ఫిబ్రవరిలో హిందుస్థాన్ మోటార్స్ ఆ పేరుని, దాని ట్రేడ్‌మార్కులతో సహా, ప్యూజోకి 80 కోట్లకి అమ్మింది. కాంటెస్సా పేరుని 2022లో వేరే కంపెనీకి రాసిచ్చింది. మోటారుసైకిళ్ళలో చూస్తే, మైసూరులో యెజ్డీ తయారీ 1996లో ఆగింది. ఆ పేరు ఎవరిదన్నదాని మీద కర్ణాటక హైకోర్టు తీర్పు 2022 డిసెంబరులో వచ్చింది, దాని మీద అప్పీలు నడిచింది. ఫ్యాక్టరీకి తాళం పడ్డాక కూడా పేరు ఆస్తే. కంపెనీ దివాలా తీస్తే లిక్విడేటరు (ఆస్తులు అమ్మి అప్పులు తీర్చే అధికారి) చేతికి వెళ్ళే ఆస్తుల్లో అదీ ఒకటి.

వాడకపోతే మార్కు పోతుందన్న నియమం ఉంది, సెక్షన్ 47. రిజిస్టరులో ఎక్కాక వరుసగా 5 ఏళ్ళు, లేదా అంతకి పైగా, నిజాయితీగా వాడకపోతే తొలగించమని అడగొచ్చు. దరఖాస్తుకి ముందరి 3 నెలలు ఈ లెక్కలోకి రావు. కానీ ఎండుటాకులా దానంతట అది రాలిపోదు. నష్టపోతున్న వ్యక్తి ఎవరో ఫారం టీఎం-ఓ వేయాలి, ఆన్‌లైన్లో క్లాసుకి 2,700, లేదా హైకోర్టుకి వెళ్ళాలి. అవతలివాళ్ళు ఆ రంగంలో ప్రత్యేక పరిస్థితులుండి వాడలేకపోయామంటారు. లేదా స్పేర్ పార్టులు అమ్ముతూనే ఉన్నామంటారు. ఈ రెండో మాటని తేలిగ్గా తీసేయకండి. ఫెరారీ టెస్టరోసా కారు తయారీ 1991లో, దాని తర్వాతి రూపాల తయారీ 1996లో ఆగింది. ఒక జర్మన్ బొమ్మల కంపెనీ ఆ మార్కు కొట్టేయించబోయింది. విడిభాగాలు అమ్మడం, సర్వీసు చేయడం, పాత కారుని కంపెనీయే మళ్ళీ అమ్మడం కూడా వాడకం కిందికి రాగలవని యూరోపియన్ న్యాయస్థానం 2020 అక్టోబరులో తేల్చింది. మన కోర్టులు దానికి కట్టుబడక్కర్లేదు, కానీ అవతలి వకీలు దాన్ని చదవకుండా రారు.

సరే, మార్కు తొలగిపోయిందే అనుకుందాం. అప్పుడైనా అది మీదవదు. జనం మనసులో ఆ పేరు ఇంకా ఫలానా వాళ్ళదే అయితే, రిజిస్ట్రేషన్ లేకపోయినా పాసింగ్ ఆఫ్ దావా నడుస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. మీరు ఆ నినాదం అచ్చేసేది జనానికి అది గుర్తుంది కాబట్టి. ఆ గుర్తే మీ మీద సాక్ష్యం.

ప్రియస్ తీర్పు దీనికి అచ్చంగా తిరగేసిన కథ. ఆ కేసులో ఢిల్లీ విడిభాగాల వ్యాపారి 2001 నుంచి ఆ పేరు వాడుతున్నాడు. అప్పటికి టయోటా ప్రియస్ కారు మన దేశంలో అమ్మకానికే రాలేదు, ఇక్కడ దానికి తగినంత పేరు ఉన్నట్టు టయోటా రుజువు చేయలేకపోయింది. 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చూసింది అదే. ఆంబాసిడర్ అంటే తెలియనివాళ్ళని తెచ్చి చూపించండి, అప్పుడు ప్రియస్ గురించి మాట్లాడదాం.

నినాదాల విషయంలో ఒకటి ఒప్పుకోవాలి: చాలా నినాదాలు అసలు రిజిస్టరే కావు. "తక్కువ ఖర్చు, ఎక్కువ మైలేజీ" లాంటివి సరుకు గుణం చెప్పే మాటలు, సెక్షన్ 9 దగ్గరే ఆగిపోతాయి. అలాంటిది అసలు యజమానికి దక్కకపోతే మీకూ దక్కదు. ఏళ్ళ తరబడి వాడి, వింటే ఫలానా కంపెనీయే గుర్తొచ్చే నినాదం సంగతి వేరు. జర్మన్ కార్ల కంపెనీ ఆడి 1971 నుంచి వాడుతున్న 'ఫోర్‌ష్‌ప్రుంగ్ దుర్ఖ్ టెక్నిక్' (సాంకేతికతతో ముందంజ) కోసం 2003లో యూరప్‌లో దరఖాస్తు పెట్టింది. కార్ల క్లాసులో, అంత వాడకం వల్ల, ఒప్పుకున్నారు. మిగతా చాలా క్లాసుల్లో కాదన్నారు. పొగడ్తలా వినిపించినంత మాత్రాన నినాదం మార్కుగా పనికిరాకుండా పోదని పై కోర్టు చెప్పడానికి 2010 జనవరి పట్టింది. అంత పెద్ద కంపెనీకి 7 ఏళ్ళు పట్టిన పని 4,500తో ఓ మధ్యాహ్నంలో తేలిపోతుందా?

అచ్చుకి బయానా ఇచ్చేముందు ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీ వెబ్‌సైటులో ఉచితంగా వెతకండి. నినాదం మొత్తం కొట్టి ఊరుకోకుండా అందులోని ముఖ్యమైన మాట ఒక్కటి కొట్టి, ఉచ్చారణ పోలిక ఎంపికతోనూ చూడండి. వాహనాల 12వ క్లాసు ఒక్కటే చాలదు. 14, 16, 25, బొమ్మల 28, అమ్మకాల 35, మరమ్మతుల 37 కూడా తెరవాలి. దొరికినదానిలో యజమాని పేరు, ఎప్పటి నుంచి వాడుతున్నారు, గడువు ఎప్పటివరకు, బదిలీ పత్రాలు ఏమైనా ఎక్కాయా చూడండి. గడువు దాటినట్టు కనిపించినా సంబరపడొద్దు: 6 నెలల దాకా అదనపు రుసుముతో, ఏడాది లోపల పునరుద్ధరణ కింద మళ్ళీ తెచ్చుకోవచ్చు. తొలగించాక కూడా మామూలుగా ఇంకో ఏడాది ఆ మార్కు కొత్త దరఖాస్తుకి అడ్డొస్తుంది. ఆంధ్ర, తెలంగాణ దరఖాస్తులు చెన్నై కార్యాలయం కిందికి వస్తాయి. యజమాని ఉన్నట్టు తేలితే లైసెన్సు అడుగుతూ ఉత్తరం రాయండి, అందులో ఏ వస్తువు, ఎన్ని ముక్కలు, ఏ రాష్ట్రాల్లో అమ్ముతారు, ఎన్నాళ్ళకి అన్నవి ముందే రాయండి. జవాబు చేతికొచ్చే దాకా అచ్చు ఆపండి.